సెల్లార్‌లో ముగ్గేసిన ఊరు

హలో... ఆ, వినపడుతోందా? సిగ్నల్ సరిగా లేకపోతే జర కిటికీ దగ్గరికి జరగండి. బాగున్నారా అందరూ? బువ్వ తిన్నారా? ఎల్బీనగర్ నుంచి మాట్లాడుతున్నా. భయపడేంత సంగతేం లేదు, ఒక ముగ్గు గురించి చెప్దామని చేశాను. పొయ్యి మీద పాలుంటే దించి రండి, నేను లైన్లోనే ఉంటాను. వచ్చారా? అయితే వినండి.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రింగురోడ్డు వైపు పోతుంటే, టిఫిన్ సెంటర్ పక్కన ఒక పాత బిల్డింగు ఉంది. పైన రెండంతస్తుల్లో ఒక విశ్వవిద్యాలయం వాళ్ల ప్రజా వ్యవహారాల విభాగం నడుస్తుంది. బోర్డు మీద పేరు అంత పొడుగ్గా ఉన్నా, బయట ఆటోలవాళ్లు మాత్రం దాన్ని పంచాయితీ కాలేజీ అనే అంటారు. ఆ పేరూ తప్పేం కాదు. సాగర్ రోడ్డుకి, విజయవాడ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఊళ్లకి ఏం కావాలో కనుక్కోవడం, పటం గీయించడం, నెలకో శుక్రవారం ఆఫీసర్లని పిలిచి ఊరోళ్ల ఎదురుగా కూర్చోబెట్టడం అక్కడి పని. ఆ కూర్చోవడం కింద సెల్లార్‌లో జరుగుతుంది. మిగతా రోజుల్లో అక్కడ బండ్లు పెట్టుకుంటారు.

సౌజన్య అక్కడ ఊళ్ల పని చూసే కోఆర్డినేటర్. పుట్టింది నల్లగొండ పక్క పల్లెలోనే గానీ, పెరిగిందంతా అల్మాస్‌గూడ కిరాయి ఇళ్లలో. ఆ సోమవారం పొద్దున ఆమె బండ్లన్నీ బయట పెట్టించింది. నేలంతా ఊడ్చి, నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి, తడిగోనెతో తుడిచింది. సిమెంటు నేల మరీ తడిగా ఉంటే పిండి ముద్ద కడుతుంది, మరీ పొడిగా ఉంటే ఫ్యాను గాలికే లేస్తుంది. అరచెయ్యి ఆనించి చూసుకుని, ఫ్యాను ఆపేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో తోపుడుబండి మీద కొన్న ముగ్గుపిండి, రంగులు వరసగా పెట్టింది.

మధ్యాహ్నానికి మోదుగుగడ్డ ఆడవాళ్లు వచ్చారు. తుర్కయంజాల్ దాటి ఇంకా చాలా దూరం పోయాక, సాగర్ రోడ్డు నుంచి లోపలికి ఉన్న గూడెం అది. అందరివీ కూర మడులే. పాలకూర, పుంటికూర, కొత్తిమీర కట్టలు కట్టి పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ తెచ్చి అమ్ముకుంటారు. బస్సు వాళ్ల గూడెంలోకి రాదు, మెయిన్ రోడ్డు స్టేజీ దగ్గరే ఆగుతుంది. అక్కడిదాకా తడి గంపలు నెత్తిన పెట్టుకుని నడవాలి. మొదటి బస్సు పోయిందంటే ఎండెక్కాక దిగుతారు, అప్పటికి కొత్తిమీర తల వాల్చేస్తుంది. ఆ బస్సుని గూడెం దాకా రప్పించాలనే వీళ్ల తపన అంతా. వచ్చే శుక్రవారం డిపో నుంచి పట్టాభి గారని ఒక ఆఫీసరు వస్తున్నారు. కొత్త టైమింగులు అప్పుడే ఖాయమవుతాయి. అది తప్పితే మళ్లీ ఎండాకాలం పోయాకే.

“మీ ఊరు ముగ్గేయాలక్కా,” అంది సౌజన్య.

వాళ్లలో పెద్దది అరుణమ్మ, పిండి డబ్బా అందుకుని చుక్కలు ఎన్ని పెట్టాలని అడిగింది. చుక్కలు లేవు, ఊరు ఎట్లుంటే అట్లనే వేయమంటే పక్కనున్న జంగమ్మ మూతి తిప్పింది. చుక్కలు లేని ముగ్గంటే సున్నం ఒలకబోసినట్టు ఉండదా అని నవ్వింది. అయినా కొంగులు దోపుకుని కూర్చున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారింది. ముందు అరుణమ్మ ఇల్లు వచ్చింది, తర్వాత బోరు, రేషన్ షాపు, కుంట, ఆకుపచ్చ రంగుతో మడులు. మడి ఎక్కడిదాకా అన్న దగ్గర ఇద్దరు గొడవపడ్డారు, చెరిపారు, మళ్లీ వేశారు. మధ్యలో రోడ్డు, రెండు తెల్ల గీతలు, నడుమ పసుపు.

సౌజన్య చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. విభాగం పెద్ద చక్రపాణి సార్ పెట్టిన నియమం ఒకటుంది. ఊరోళ్లు గీస్తున్నప్పుడు వేలు పెట్టకూడదు, మాట అందించకూడదు, దిద్దకూడదు. ఫోన్లో కనిపించే పటం కంటే వాళ్ల చెయ్యి చెప్పిందే నిజం.

రోడ్డు కిందికి దిగి స్టేజీ దగ్గరికి వచ్చేసరికి నేల మీద ఊరు అయిపోయింది. అరుణమ్మ రెండు తెల్ల గీతల్నీ ఒంపు తిప్పి ఒకదానితో ఒకటి కలిపింది. కలిసిన చోట చిటికెడు పిండి ఎక్కువ వేసి, అరచేతులు దులుపుకుంది. ఆ ఒంపు సౌజన్యకి భలే నచ్చింది. ఏమీ అడగలేదు.

మర్నాడు తన్మయి అనే విద్యార్థిని ఫోటో చూసి కంప్యూటర్లో పటం ఎక్కిస్తూ ఆగింది. “మేడమ్, స్టేజీ దగ్గర రోడ్డుకి అడ్డంగా గీత ఉందండి. ఫోన్లో చూస్తే రోడ్డు తెరిచే ఉంది.”

సౌజన్య వచ్చి వంగి చూసింది. నిజమే, దారి మూసుకుపోయి ఉంది. ఫోన్లో బొమ్మ ఎప్పటిదో. అటువైపు ప్లాట్ల వెంచర్లు వేసేవాళ్లు తెచ్చిపెట్టే సిమెంటు పలకల గోడలు తెల్లారేసరికి లేచి నిలబడతాయి. పక్క ఊళ్లో బర్రెల బాట అట్లా మూతపడిందని మొన్ననే విన్నది. నియమం గుర్తొచ్చింది. ఊరోళ్ల చెయ్యి చెప్పిందే నిజం.

“గోడే అయ్యుంటది. అట్లనే రాయ్,” అంది.

తన్మయి అక్కడ ఎర్ర గీత పెట్టి ‘ప్రహరీ గోడ’ అని రాసింది. సాయంత్రానికి పటం డిపోకి పోయింది.

బుధవారం పట్టాభి గారు ఫోన్ చేశారు. కోపంగా ఏం లేరు. అందరికీ సాయం చేయాలనే ఉంటుంది గానీ, గోడ తగాదా ఉన్న దారిలోకి బండిని పంపి రేపు డ్రైవరు అక్కడ ఇరుక్కుంటే జవాబు చెప్పాల్సింది తనేనన్నారు. ముందు ఆ గోడ సంగతి తేలనివ్వండి, ఈ శుక్రవారానికి ఆ గూడెం పేరు తీసేద్దాం అన్నారు.

చక్రపాణి సార్‌ది తెనాలి వైపు. ఊళ్ల మీద నిజంగా ప్రేమున్న మనిషి. ఆయన పటాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. బాధ కంటే కుతూహలమే ఎక్కువుంది ఆయన మొహంలో. వాళ్లు మొన్న అంతసేపు కూర్చుని గోడ గురించి ఒక్క మాటా అనలేదు కదా అని అడిగారు. లేదంది సౌజన్య.

“అదేనమ్మా నేననేది. వెంచర్ వాడంటే భయం. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పారు. చూశావా, ముగ్గు ఎంత పని చేసిందో!”

సౌజన్యకి ఆ మాట నిజమే అనిపించింది. అరుణమ్మ పిండి ఎక్కువ వేసిన చోటు, ఆ తర్వాత చేతులు దులుపుకోవడం గుర్తొచ్చాయి. వెంటనే అరుణమ్మకి ఫోన్ చేసింది. బజారు గోలలో అరుణమ్మ గోడేంది, ఎక్కడి గోడ అని అరిచింది. ఆ మాట సార్‌కి చెబితే ఆయన తల ఊపారు. భయమున్నవాళ్లు ఫోన్లో అట్లాగే అంటారన్నారు. లేదంటే ఉందన్నట్టు, ఉందంటే ఉన్నట్టు. ఇక ఆ గోడని తీసేసేది ఎట్లాగో సౌజన్యకి తోచలేదు.

గురువారం ఆమె దిల్‌సుఖ్‌నగర్ పోయింది. మెట్రో స్తంభాల నీడ ఎటు జరిగితే అటు గంపలు జరుపుకుంటూ కూర్చున్నారు మోదుగుగడ్డ వాళ్లు. అరుణమ్మ తడిబట్ట పిండి కట్టల మీద నీళ్లు చిలకరిస్తోంది. సౌజన్య పటం విప్పి చూపిస్తే తల అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మా ఊరా అంది. ఎర్ర గీత మీద వేలు పెట్టి చెప్పాక జంగమ్మ పకపకా నవ్వింది.

“గోడుంటె మేము ఎగిరొచ్చినమా మేడమ్? గంపలకు రెక్కలున్నయా ఏంది?”

“ఎవరికన్నా భయపడుతున్నరా అక్కా? నాకు చెప్పున్రి, నేనెవ్వరికి చెప్ప.”

అరుణమ్మ చెయ్యి ఆగింది. నవ్వలేదు. “గా మొదటి బస్సు పోతదని ఒక్కటే భయం నాకు. ఇంకెవ్వనికి భయపడాలె? ఒచ్చి చూడు బిడ్డా, మా ఊరు నీకు దూరమా?”

సౌజన్యకి సిగ్గేసింది. పటం గీయించేదాకా వచ్చింది గానీ, వాళ్ల ఊరు తానింకా చూడలేదు. ఆడవాళ్లు ఎట్లాగూ పొద్దున ఊళ్లో ఉండరు, వాళ్లే నగరానికి వస్తారు కదా అని సులువు చూసుకుంది. ఆ మధ్యాహ్నమే వాళ్లతో బస్సెక్కింది. ఆడవాళ్లకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. స్టేజీలో దిగి, ఖాళీ గంపలతో నడిచారు. గోడ లేదు. గోడ కట్టిన జాడ లేదు. తుమ్మచెట్టు పక్కనుంచి మట్టిరోడ్డు తిన్నగా గూడెంలోకి పోయింది, రెండు లారీలు తప్పుకునేంత వెడల్పు. రేషన్ షాపు ముందు ఖాళీ చోటు కూడా చూసుకుంది. వట్టి గంప పట్టుకుని నడిస్తేనే ఆమె చెప్పు తెగినంత పనైంది. ఆడవాళ్లు మాత్రం ఆ దారంతా నిండు గంపలతో నడిచినప్పటి నడకే నడిచారు, మెడ కదపకుండా.

“మరి ఆ రోజు గీత ఎందుకు మూసినవక్కా?”

“మూసిన్నా? మంచిగనే ఏసిన గద,” అంది అరుణమ్మ. ఆమెకి నిజంగానే ఏమీ తట్టలేదు.

ఫోటోలు తీసుకుని తిరిగి వచ్చేసరికి సార్ ఇంటికి పోయారు. ఫోన్లోనే విన్నారు. గోడ లేదంటే ఆయనకీ సంతోషమే. కానీ అడిగారు, మరి ఎందుకు గీసినట్టు? రేపు పట్టాభి గారూ అదే అడుగుతారు. లేనిదాన్ని ఎందుకు గీశారో చెప్పలేకపోతే, ఉన్నవాటిని మాత్రం ఆయన ఎట్లా నమ్ముతారు? సౌజన్య ఫోన్ పెట్టేశాక కూడా అదే ప్రశ్న అన్నం పళ్లెంలోకి వచ్చి కూర్చుంది.

శుక్రవారం తెల్లారి సౌజన్య వాళ్ల అమ్మ ముత్తమ్మ గేటు ముందు కల్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. శుక్రవారమని కొంచెం పెద్దదే మొదలుపెట్టింది. కాలనీ సిమెంటు రోడ్డు మీద పై ఇంటివాళ్ల బైకు అడ్డంగా ఉంది. సౌజన్య చాయ్ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఎన్నేళ్లుగానో ఆ ముగ్గుని దాటుకుని ఆఫీసుకి పోతోంది. పెళ్లయి పక్క గల్లీలో వేరుగా ఉన్నన్నాళ్లు తన గడప మీద అంటించింది స్టిక్కరు ముగ్గు. చేత్తో వేసి ఎంతకాలమైందో.

ముత్తమ్మ తీగ లాగుతూ బైకు చక్రం దాకా వచ్చింది. ముందుకు పోవడానికి చోటు లేదు. చెయ్యి ఎత్తలేదు. గీతని అక్కడే ఒంపు తిప్పి, వెనక్కి తెచ్చి, మొదలుతో కలిపింది. కలిసిన చోట చిటికెడు ఎక్కువ వేసి, చేతులు దులుపుకుంది.

చాయ్ గ్లాసు సౌజన్య నోటి దగ్గరే ఆగిపోయింది. “అమ్మా, గట్లెందుకు కలిపినవ్?”

“ఏది?”

“గీత. ఊకె వదిలెయ్యొచ్చు గద.”

ముత్తమ్మ కూతురు వైపు వింతగా చూసింది. “ముగ్గు నోరు తెరిచి వదులుతరా ఎవరన్న? లచ్చిమి ఎల్లిపోదా ఇంట్లకెల్లి? శుక్రారం పూట గివేం మాటలే నీకు.” తర్వాత డబ్బా మూత పెడుతూ గొణిగింది, “చదువుకున్నవ్ గని గింత తెల్వకుంట అయితున్నవ్.”

సౌజన్య లేచి, మొహం కూడా కడుక్కోకుండా సార్‌కి ఫోన్ కొట్టింది. ఆయన అంతా విన్నారు. చివరికి, తన ఇంటి ముందూ అంతేనని, కుసుమకుమారి గారు రోజూ అట్లాగే వేస్తారని, పెళ్లైనప్పటి నుంచీ దాటుకుని పోతున్నానని మెల్లగా అన్నారు. కుసుమకుమారి గారంటే ఆయన భార్య. మోదుగుగడ్డ వాళ్లని రమ్మని చెప్పమన్నారు. పేరు తీసేసినా సరే, రమ్మను అన్నారు.

సెల్లార్‌లో కుర్చీలు వేశారు. నాలుగైదు ఊళ్లవాళ్లు వచ్చారు. పట్టాభి గారు ముందు వరసలో కూర్చుని ఫైలు ఒళ్లో పెట్టుకున్నారు. మోదుగుగడ్డ ఆడవాళ్లు బజారు నుంచి నేరుగా వచ్చి, ఖాళీ గంపలు బోర్లించి వెనక నిలబడ్డారు. వాళ్ల వంతు లేకపోయినా చక్రపాణి సార్ లేచి, తప్పు విభాగానిదని, గోడ లేదని, ముగ్గు సంగతి ఇదని చెప్పారు. సౌజన్య ఫోటోలు చూపించింది. పట్టాభి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“మేడమ్, సోమవారం గీసింది చూసి గోడుందన్నారు. శుక్రవారం ఫోటో చూపించి లేదంటున్నారు. రెండూ మీరే. నేను దేన్ని పట్టుకుని పైకి రాయాలి, చెప్పండి.”

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే సౌజన్యకి ఇంకా కష్టంగా అనిపించింది. వెనక్కి తిరిగి అరుణమ్మని చూసింది. అరుణమ్మ గంప అంచు పట్టుకుని, జరుగుతున్నదంతా తన కొత్తిమీర మీదే జరుగుతున్నట్టు నిలబడి ఉంది. సౌజన్య అలమరలోంచి పిండి డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చింది. నియమం తప్పి, ఈసారి మాట కూడా అందించింది.

“అక్కా, సార్ ముందల రోడ్డొక్కటి మళ్లేయి. చివర మాత్రం కలపకు.”

అరుణమ్మ నేల మీద కూర్చుంది. గూడెం గుర్తుగా ఒక ఇల్లు, రేషన్ షాపు, దాని ముందు ఖాళీ చోటు వేసింది. అక్కడి నుంచి రెండు గీతలు లాక్కొచ్చింది. తుమ్మచెట్టు దాటింది. స్టేజీ దగ్గరికి, అంటే పట్టాభి గారి బూట్ల దాకా వచ్చి, ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. పిండి చిటికెలోనే ఉంది. కలపలేదు, వదల్లేదు. సెల్లార్ అంతా ఆ వేళ్లనే చూసింది.

“శుక్రారం మేడమ్,” అంది నేల వైపు చూస్తూ. “ఎట్లిడిసిపెట్టాలె?”

సౌజన్యకి అప్పుడు తెలిసింది, తాను ఆమెని ఏం అడిగిందో. బస్సు కావాలంటే ఇంట్లోంచి లక్ష్మిని పొమ్మనాలి. డబ్బా తిరిగి తీసుకుందామని చెయ్యి చాపింది.

అరుణమ్మ ఇవ్వలేదు. ఒకసారి గీతల్ని చూసింది, ఒకసారి పట్టాభి గారి కుర్చీని చూసింది.

“జర కాళ్లు తియ్యున్రి సార్,” అంది.

ఆయన కాళ్లు పైకెత్తారు. కుర్చీ కిందినుంచే పోయింది గీత. పక్కవాళ్లు లేచి కుర్చీలు జరిపారు. అరుణమ్మ వంగినడుముతో రెండో గీత లాగింది, మళ్లీ మొదటిది. గీతలు సెల్లార్ మధ్యగా పోయి, బండ్లు ఎక్కే ఏటవాలు దారి పట్టుకుని పైకి ఎక్కాయి. జంగమ్మ ఇంకో డబ్బా తెచ్చి పిండి అందిస్తూ వెంట నడిచింది. “ఇగో తుర్కయంజాల్ ఒచ్చింది, ఎవరన్న దిగేటోళ్లున్నరా?” అంటే అందరూ నవ్వారు. అరుణమ్మ నవ్వలేదు, చూపు ఎత్తలేదు. గేటు దాటి, టిఫిన్ సెంటర్ ముందున్న తడి నేల తప్పించి, తారు రోడ్డు అంచు దాకా తీసుకొచ్చి అక్కడ ఆగింది. అప్పుడే ఎర్ర బస్సొకటి ఆమె ముందునుంచి పోయింది. దాని గాలికి చివరి పిండి కొంచెం లేచి రోడ్డు మీద పడింది.

వెనకాలే పట్టాభి గారు, చక్రపాణి సార్, సౌజన్య పైకి వచ్చారు. అరుణమ్మ నడుం నిటారు చేసి, చేతులు దులుపుకోకుండా నిలబడింది.

“ఇగ ఇక్కడికెల్లి మీ బస్సులు తిరిగే రోడ్డే గద సార్. ఏసేది నేనేసిన. కలిపేది మీరు.”

పట్టాభి గారు బస్సు పోయిన వైపు చూశారు, తర్వాత గీతల వైపు. ఆ ఖాళీ చోట బండి ఒక్కసారికే తిరుగుతుందా, రివర్సు కొట్టాలా అని అడిగారు. లారీ తిరుగుతుందని జంగమ్మ చెప్పింది. అయితే సోమవారం తెల్లవారి ఖాళీ బండి తీసుకుని తానే వస్తానని, తిరిగితే టైమింగులో పెడతానని, తిరగకపోతే మాత్రం తననేం అనొద్దని చెప్పారు. ఫైలు చంకలో పెట్టుకుని సెల్లార్‌లోకి దిగిపోయారు. దిగుతున్నప్పుడు ప్యాంటు కొంచెం పైకి పట్టుకుని, రెండు గీతల నడుమ, ఎక్కడా పిండి తొక్కకుండా నడిచారు.

సోమవారం బండి వచ్చింది. రేషన్ షాపు ముందు ఒక్కసారికే తిరిగింది. ఆ తిరగడం సౌజన్య స్టేజీ దగ్గర కాదు, ఈసారి గూడెంలోనే నిలబడి చూసింది. పక్కనే అరుణమ్మ నిండు గంపతో ఉంది. నెత్తిన కాదు, నేల మీద పెట్టుకుని.

అంతేనండీ నేను చెప్దామనుకున్నది. ఇక ఫోన్ పెట్టేస్తా. మీ ఇంటి ముందు రేపు పొద్దున ఎవరు ముగ్గు వేస్తారో, అమ్మో, అక్కో, అత్తమ్మో, వాళ్లకి ఈ కథ పంపండి. చదవడం రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి. వాళ్లు నవ్వితే, ఎందుకు నవ్వారో అడిగి తెలుసుకుని, ఇంకొకరికి పంపండి.